తలుపు పక్క మేకు

మిల్లు వెనక వీధి నుంచి,
మార్చి

ఆడపడుచు గారి దివ్యసముఖానికి,

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను ఒక ముక్క చెప్పేలోగా నువ్వు పది అందుకుంటావు. ఉత్తరంలో అయితే నేను ముగించేదాకా నోరెత్తలేవు. పైగా మీ హాస్టలు ఫోను దగ్గర వెనకవాళ్ళు వింటుంటారని నువ్వు 'బాగానే ఉన్నా' తప్ప ఇంకో మాట చెప్పవు. కాబట్టి నువ్వు కూడా రాయి.

ముందు మీ అన్నయ్య సంగతి. విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది. బట్టల మిల్లులో బాయిలరు ముందు కూర్చుని నెరిసిపోయిన మనిషి ఇప్పుడు విమానం రేకులకి రంధ్రాలు వేస్తున్నాడు. అక్కడ గోడమీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం గీసి ఉంటుందట. పని అయ్యాక దేని బొమ్మలో దాన్ని పెట్టాలి. ఒక్క బొమ్మ ఖాళీగా ఉన్నా ఆ వస్తువు దొరికేదాకా ఎవరూ గేటు దాటకూడదు. అది విమానం కడుపులో ఉండిపోయి ఉండొచ్చు కదా, అందుకు.

ఆ జబ్బు ఇంటికి తెచ్చాడు. వంటింటి గోడమీద బొగ్గుతో గరిటెల బొమ్మలు గీశాడు. మొన్న జల్లిగరిటె కనబడలేదని భోజనానికి కూర్చోలేదు. పక్కింటావిడ అడిగి పట్టుకెళ్ళిందని చెప్పాను. "ఇచ్చేటప్పుడు సంతకం తీసుకున్నావా?" అన్నాడు. ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి. విమానం బయటి రేకుకీ లోపల కనబడే గోడకీ మధ్య బొంతలు పెడతారు. పై చలి, ఇంజను హోరు లోపలికి రాకుండా. వెండిరంగు పలచటి కవరు, లోపల పీచు, చుట్టూ కుట్టు. ఇన్నాళ్ళూ ఎక్కడినుంచో తెప్పించుకుంటున్నారు. ఊళ్ళోనే కుట్టేవాళ్ళు దొరికితే మేలని ఇప్పుడు ఆలోచిస్తున్నారు. మిల్లు మూతపడ్డాక ఊరు వదలకుండా మిగిలిన కుట్టుపనివాళ్ళం కలిసి వెళ్ళి అడిగాం. వాళ్ళు పెద్దగా ప్రశ్నలు వేయలేదు. నమూనాకి ఒక లాటు బొంతలు కుట్టి చూపించమన్నారు. అది నెగ్గితే ఏడాది పొడుగునా పని. మిల్లులో మనం కుట్టిన ఫినిషింగు హాలే మాకు ఇప్పించారు. పావురాల రెట్ట గోకి, అద్దాలు తుడిచి, మిషన్లకి నూనె వేశాం.

ఆ హాలు నిండితే మనవాళ్ళందరికీ పని దొరుకుతుంది. ఊరు వదిలిపోయినవాళ్ళు కూడా. ఎవరి గురించి అంటున్నానో నీకు తెలుసు. కిటికీ పక్క మిషను ఎవరికీ ఇవ్వలేదు. కళ్ళజోడు పిన్ని అడిగింది, వెలుతురు బాగుంటుందని. "అది మా ఆడపడుచుది" అన్నాను. "ఉన్నవాళ్ళకి చోటు లేదు, లేనివాళ్ళకి కిటికీయా" అని సణుక్కుంటూ వెళ్ళింది.

నీ వదిన


హాస్టలు, మూడో అంతస్తు నుంచి,
ఏప్రిల్

వదినా,

నీ ఉత్తరం మా గదిలో నాకంటే ముందు మిగతావాళ్ళు చదివేశారు. మన మిల్లు అమ్మాయిలు ఇద్దరున్నారు కదా, వాళ్ళు కవరు చింపి, అన్నయ్య గరిటెల దగ్గర ఆగి మంచాల మీద పడి దొర్లారు. తర్వాత 'ఆ హాలు నిండితే' అన్న చోట ఇద్దరూ లేచి కూర్చున్నారు. ఆ వాక్యం నాచేత మళ్ళీ చదివించుకున్నారు.

ఇక్కడ నేను బాగానే ఉన్నా. చూశావా, ఉత్తరంలోనూ అదే వచ్చింది. సరే, ఇంకాస్త చెబుతాను. పొద్దంతా కాపలావాళ్ళ యూనిఫాంలకి కాలర్లు వేస్తాను. రోజంతా కాలర్లే. చొక్కా మొత్తం ఎలా ఉంటుందో చూసి చాలాకాలమైంది. మొన్న రోడ్డుమీద ఒక కాపలా మనిషి కనబడితే ఆయన మెడకేసి చూస్తూ ఉండిపోయాను. ఆయన అనుమానంగా నావైపు చూశాడు.

నీకు చెప్పాల్సింది ఒకటుంది. నన్ను లైను సూపర్వైజరుని చేస్తామంటున్నారు. కాలర్లు పోతాయి, కూర్చోవడానికి కుర్చీ వస్తుంది. కాకపోతే మూడేళ్ళు కదలనని కాగితం మీద సంతకం పెట్టాలి. సెప్టెంబరు ఆఖరుదాకా గడువిచ్చారు. మిల్లు ఎలా మూతపడిందో చూశాక, చేతిలో ఉన్న కుర్చీని కాదని చెప్పడం నాకు తేలిక కాదు. కానీ ఇక్కడ మూడేళ్ళంటే ఇక నేను ఇక్కడిదాన్నే అయిపోతాను. నీ లాటు నెగ్గితే సంతకం పెట్టను. నెగ్గకపోతే పెడతాను. నాకు మూడో దారి కనబడటం లేదు. మన ఇద్దరమ్మాయిలదీ ఇదే లెక్క.

కాబట్టి శ్రద్ధగా కుట్టండి. పిన్నికి కిటికీ ఇవ్వకు.

అన్నయ్యకి చెప్పు, గోడమీద నా బొమ్మ కూడా గీసి ఖాళీగా ఉంచమని. అప్పుడైనా మనిషి కనబడటం లేదని గుర్తొస్తుందేమో. వచ్చి ఏడాదైంది, ఒక్కసారి చూడటానికి రాలేదు.

నీ మరదలు


మిల్లు వెనక వీధి నుంచి,
జూన్

అమ్మాయ్,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ వానలు మొదలయ్యాయి.

వీధి మారిపోయింది. మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టు గుర్తుందిగా. మనుషులు లేక ఒక్క స్టవ్వు మీదే నడిపేవాడు, అదీ మధ్యాహ్నానికి ఆర్పేసేవాడు. ఇప్పుడు పక్కగది కూడా కలిపేసుకుని బెంచీలు వేశాడు. ఫ్యాక్టరీ బస్సు ఆగే చోట సైకిళ్ళు పెట్టుకోవడానికి రేకుల పందిరి వేశారు. మూతపడిన మందుల షాపు తెరిచారు. సూదులూ దారాలూ అమ్మే ఆయన కూడా షట్టరు ఎత్తాడు. మా కోసమే ఎత్తానని వీధి వీధంతా చెబుతున్నాడు.

అన్నీ మంచివే అనను. అద్దెలు పెరిగాయి. మూలన చెప్పులు కుట్టే ఆయన చేత గది ఖాళీ చేయించారు. ఫ్యాక్టరీ ఇంజనీర్లకి ఇస్తే ఎక్కువొస్తుందట. ఆయన ఇప్పుడు బస్సు పందిరి కింద కూర్చుంటున్నాడు. బేరం అక్కడే ఎక్కువ అంటున్నాడు కానీ, వాన జల్లు కొడుతోంది. మీ అన్నయ్య వాళ్ళ ఫ్యాక్టరీలో చేరింది కూడా ఎక్కువమంది బయటివాళ్ళే. చదువుకున్నవాళ్ళు. మనూరివాళ్ళు ఇప్పటికి కొద్దిమందే.

కుట్టుపని జరుగుతోంది.

ఒంట్లో జాగ్రత్త. వానలో తడవకు.

నీ వదిన


హాస్టలు నుంచి,
జూలై

వదినా,

టీ కొట్టు గురించి ఒక పేరా, సైకిళ్ళ పందిరి గురించి ఒక వాక్యం, చెప్పుల ఆయన మీద పడే జల్లు గురించి ఇంకో వాక్యం. కుట్టు గురించి రెండే రెండు మాటలు. నువ్వు మా ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ నిన్ను చూస్తున్నాను. నువ్వు వానలో తడవకు అన్నావంటే ఏదో దాస్తున్నావన్నమాట.

నువ్వు చెప్పక్కర్లేదు. మీ లాటు తిప్పికొట్టారని నాకు తెలుసు. ఎలా తెలుసో చెబుతాను, కూర్చో.

పోయిన వారం మా షెడ్డులో ఒక మూల తెర కట్టి కొత్త బల్లలు వేశారు. వెండిరంగు కవరు చుట్టలు దిగాయి. పీచు దిగింది. చేతిపని బాగున్నవాళ్ళని కొందరిని కాలర్ల నుంచి లాగి అక్కడ కూర్చోబెట్టారు. అందులో నేనొకదాన్ని. విమానాల కంపెనీకి నమూనా కుట్టాలి, మొదట ఇచ్చినచోట సరిపడలేదట అన్నాడు సూపర్వైజరు. మొదట ఇచ్చిన చోటు ఏదో ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

అంటే నువ్వు ఓడిపోతే ఆ పని వచ్చేది నా బల్ల మీదికే. ఆ బొంత మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఇది వదిన చేతిలో ఎలా ఉంటుందా అనుకున్నాను. తర్వాత నేనేం చేస్తున్నానో నాకు అర్థమై, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

ఇదంతా నీకు రాయకూడదనుకున్నాను. మూడు రోజులు అలాగే ఉన్నాను. కానీ నువ్వు దాస్తే నాకు కోపం, నేను దాస్తే మాత్రం మర్యాదా?

నన్నేం చేయమంటావో చెప్పు. నా సూది కాస్త జారితే ఎవరికీ అనుమానం రాదు. మా ఇద్దరమ్మాయిలు కూడా అదే అడుగుతున్నారు. ఒకర్తి అయితే, "మీ వదినని ఒక్క మాట అడుగు, ఇవాళ్టి నుంచే నాకు చూపు మందగిస్తుంది" అంది.

అసలు అక్కడ ఏం తప్పయింది? కుట్టులో నిన్ను మించినవాళ్ళు లేరు. పిన్ని సంగతి చెప్పక్కర్లేదు.

నీ మరదలు


మిల్లు వెనక వీధి నుంచి,
జూలై ఆఖరు

అమ్మాయ్,

ముందు నీ ప్రశ్నకి జవాబు. నీకు చేతనైనంత బాగా కుట్టు. ఆ అమ్మాయి చూపు కూడా మందగించనవసరం లేదని చెప్పు. ఆ బొంతలున్న విమానంలో మనుషులు కూర్చుంటారు. నువ్వు చెడగొట్టి నన్ను గెలిపిస్తే ఆ పని నేను ముట్టుకోను. ఇందులో మళ్ళీ అడగడానికేమీ లేదు.

ఇక ఏం తప్పయిందో చెబుతాను. తప్పు కుట్టినందుకు కాదు. బాగా కుట్టినందుకు.

కంపెనీ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. చేతిలో ఎప్పుడూ టార్చి. ఇక్కడ అందరూ ఆయన్ని టార్చిలైటనే అంటారు. ఒక బొంత పైకెత్తి వెనక నుంచి లైటు వేశాడు. కుట్టు పక్కన చుక్కల వరస మెరిసింది. సూది పాత రంధ్రాలు. "ఇది ఎవరో విప్పి మళ్ళీ కుట్టారు" అన్నాడు.

పిన్ని లేచి నిలబడింది. దాచాలని కూడా ఆవిడకి తోచలేదు. పైగా గర్వంగా, "నేనే బాబూ. కనబడకూడదే, మీకెలా కనబడింది?" అంది.

ఆయన అరవలేదు. ఆ రంధ్రాల్లోంచి తేమ లోపలికి పోతుందని చెప్పాడు. పీచు నీరు తాగుతుంది, ఆ నీరు రేకుకి ఆనుకుని ఉండిపోతుంది, రేకుని లోపల్నుంచి తినేస్తుంది. విప్పిన చోట కనబడేలా పైన పట్టీ వేయాలి, వేశామని చెప్పాలి. కొన్ని పనికిరావని పక్కన పడేయాలి. తర్వాత అడిగాడు: "ఇలా విప్పి కుట్టినవి ఇంకెన్ని ఉన్నాయి?"

ఎవరమూ చెప్పలేకపోయాం. అబద్ధం ఆడటం కాదు, నిజంగా తెలియదు. మా పనే తెలియకుండా కుట్టడం కదా. ఆయన వెళ్ళాక మేమే లైట్లు పట్టుకుని వెతికాం. సగం మాకే దొరకలేదు.

"తప్పు ఉన్న బొంతని పక్కన పెట్టగలను. తప్పు దాచిన చోట దేన్నీ నమ్మలేను" అన్నాడు. లాటు మొత్తం పనికిరాదని వ్యానెక్కించాడు. ఆగస్టు ఆఖరున ఇంకోసారి చూస్తానన్నాడు. ఈలోగా ఇంకోచోట కూడా కుట్టించి చూస్తానని మొహం మీదే చెప్పాడు. ఆ ఇంకో చోటు నీ బల్ల అని మాత్రం నాకు తెలియదు.

నీకు రాయలేకపోయాను. నీ సంతకం నా కుట్టుకి ముడిపడి ఉంది. ఏమని రాయను?

ఆ రోజు హాలు ఖాళీ అయ్యాక తలుపు దగ్గర నిలబడ్డాను. మనకి ఈ విద్య ఎక్కడ పట్టుబడిందో అప్పుడు తట్టింది. మిల్లులో గుడ్డ పాడుచేసినవాళ్ళు ఆ గుడ్డని భుజాన వేసుకుని భోజనం గంటదాకా ఆ తలుపు పక్కనే నిలబడాలి. వచ్చేపోయేవాళ్ళందరూ చూడాలి. నువ్వు చేరిన వారంలోనే నిలబడ్డావు. ఏడవకుండా పైకప్పు చూస్తూ నిలబడ్డావు. మర్నాడే నీకు కనబడకుండా విప్పి కుట్టడం నేర్పాను. అందరం ఒకళ్ళకొకళ్ళం అలాగే నేర్పుకున్నాం. మిల్లు పోయింది కానీ ఆ తలుపు మనలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మనిషి నిలబడే చోట మేకు కొట్టించాను. సూది తప్పితే మిషను ఆపాలి. ఎవరి తప్పుకి వాళ్ళే ఎర్ర గుడ్డపేలిక కట్టి, పైకి చెప్పి, ఆ బొంతని మేకుకి తగిలించాలి. ఎవరూ ఏమీ అనకూడదు. అయ్యో అని కూడా అనకూడదు.

పిన్ని వారం రోజులు పనికి రాలేదు. నా చేతిపనికి విలువ లేని చోట నేనెందుకు అంది. చివరికి మీ అన్నయ్య వెళ్ళాడు. "పిన్నీ, మొన్న నేను ఒక రంధ్రం వంకరగా వేశాను. వెళ్ళి చెప్పాను. ఇంజనీరు వచ్చి, చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. మిల్లులో అయితే నా వీపు పగిలేది. నాకు ఆ పూటంతా పని మీద ధ్యాస కుదరలేదు, ఇంకా తిడతాడేమోనని చూస్తూనే ఉన్నాను" అన్నాడు. ఆవిడ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. మర్నాడు వచ్చింది. మొదటి ఎర్ర పేలిక ఆవిడే కట్టింది. కట్టి, ఎవరు నవ్వుతారో చూద్దామన్నట్టు హాలంతా చూసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికుంది?

నీ వదిన


హాస్టలు నుంచి,
ఆగస్టు

వదినా,

బాగానే కుట్టాను. నీ మాట ప్రకారమే.

మొన్న ఒక బొంత మూల తిప్పుతుంటే సూది పక్కకి పోయింది. కావాలని కాదు, ఒట్టు. మిషను ఆపాను. సూపర్వైజరు చూసి, "విప్పి వేసెయ్, నీ చేతికి తెలియకుండా పోతుంది" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. పాతరోజుల్లో అయితే పొంగిపోయేదాన్ని.

నా జడ రిబ్బను ఎర్రది. కొస చింపి ఆ మూలకి కట్టాను. "ఇది పక్కన పెట్టండి, ఇక్కడ సూది తప్పింది" అన్నాను. షెడ్డులో అందరికీ వినబడేలా అన్నాను. అంత గట్టిగా అనాలనుకోలేదు, గొంతు అలా వచ్చింది.

ఆయన కత్తెర తీసుకుని ఆ పేలిక కోసేశాడు. మన దగ్గర తప్పులు ఉండవు అన్నాడు. ఆ బొంత పక్కమ్మాయికిచ్చి విప్పించి కుట్టించాడు. నన్ను మళ్ళీ కాలర్ల దగ్గరికి పంపారు. నన్ను సూపర్వైజరుని చేసే కాగితం సంగతి నేనడిగితే, ఇప్పుడేమీ అనుకోవడం లేదన్నారు.

కాబట్టి నేను సంతకం పెట్టాలా వద్దా అన్న బెంగ నీకు తీరింది. కుర్చీ పోయింది. నీ తప్పేం లేదు. నీ ఉత్తరం చదవకపోతే విప్పి కుట్టేసేదాన్నే, చదివాక చేతులు రాలేదు, అంతే. నన్ను తలుచుకుని కంగారుగా కుట్టకు. సూది తప్పుతుంది.

నీ మరదలు


మిల్లు వెనక వీధి నుంచి,
సెప్టెంబరు

ఆడపడుచు గారికి,

నెగ్గాం.

ఆ మాట ముందే రాసేస్తున్నాను, లేకపోతే నువ్వు చివరి పేజీ తిప్పి చూస్తావు. ఇప్పుడు వరసగా చదువు.

టార్చిలైటు వచ్చాడు. వచ్చేముందు పిన్నీ నేనూ గొడవపడ్డాం. మేకు నిండా బొంతలు వేలాడుతున్నాయి, ఎర్ర పేలికలతో. "ఆయన రాగానే కనబడేది ఇదే. కాసేపు లోపల పెడదాం. దాచడం కాదు, సర్దడం" అంది పిన్ని. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే చేయాలనిపించింది. మేకు దాకా వెళ్ళాను. అప్పుడు నీ రిబ్బను గుర్తొచ్చింది. కుర్చీ పోతుందని తెలిసీ నువ్వు అక్కడ ఒంటరిగా కట్టావు. ఇక్కడ ఇంతమందిమి ఉండి సర్దుకోవడం ఏమిటి? అలాగే వదిలేశాను.

ఆయన మంచి బొంతలు తర్వాత చూశాడు. ముందు ఆ మేకు దగ్గరే ఆగాడు. ఒక్కొక్కటీ దించి చూశాడు. ఎవరిది ఏది అని అడిగాడు. ఎవరికి వాళ్ళే చెప్పారు. "ఇది నాది, దారం తెగింది." "ఇది నాది, మధ్యలో తుమ్మాను." పిన్ని వంతు వచ్చేసరికి, "ఇవి రెండూ నావి. మూడోది కూడా నాదే కానీ, దానిలో మిషను తప్పు కొంచెం ఉంది" అంది. టార్చిలైటు నవ్వడం మేం మొదటిసారి చూశాం.

తర్వాత లాటులోంచి తన ఇష్టమొచ్చినవి తీసి లైటు వేశాడు. విప్పిన కుట్టు ఒక్కటీ దొరకలేదు. దొరకదని మాకు తెలుసు. అయినా ఆయన బొంత ఎత్తినప్పుడల్లా అందరం మెడలు సాచి చూశాం.

అన్నీ అయ్యాక, ఈ ఎర్ర పేలిక పద్ధతి ఎవరిది అని అడిగాడు. మాదే అన్నాను. ఆయన టార్చి ఆర్పాడు. "ఈమధ్య ఇంకో ఊళ్ళో చూశాను. తప్పే లేదన్నారు. అలా అన్నచోట నేను టార్చి ఎక్కువసేపు వేస్తాను. ఒక బొంత మూలన కుట్టు కింద ఎర్ర పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. అక్కడ లైటు వేస్తే పాత రంధ్రాలు కనబడ్డాయి. ఆ పోగు అక్కడికి ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఈ మేకు చూశాక అర్థమవుతోంది" అన్నాడు. ఏ ఊరో చెప్పలేదు. నేను అడగలేదు. కానీ నా మొహం చూసి, "మీకు తెలిసినవాళ్ళా?" అన్నాడు.

"మా ఆడపడుచు" అన్నాను. "ఆమె మిషను ఇక్కడే ఉంది. ఖాళీగా ఉంది."

"మరి ఇంకా ఖాళీగా ఎందుకుంది?" అన్నాడు.

ఏడాదికి పని ఇచ్చారు. కాగితాలు వచ్చాయి. హాలు నింపుకోమన్నారు. మన ఇద్దరమ్మాయిలకీ చెప్పు, వాళ్ళకీ చోట్లున్నాయి. ఇంకా ఎక్కడెక్కడ ఉన్నారో మనవాళ్ళు, మీ అన్నయ్య ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి కబురు చెప్పి వస్తున్నాడు. రేకుల పందిరి పక్కన గది ఒకటి చెప్పుల ఆయనకి కుదిరింది. టీ కొట్టువాడు, మాకోసం మిల్లు గంట మళ్ళీ కట్టిస్తానన్నాడు. వద్దన్నాం. ఆ గంట మాకు వినాలని లేదు.

ఇంకొకటి. మీ అన్నయ్య ఏప్రిల్లోనే నీ మాట పట్టుకున్నాడు, నాతో చెప్పలేదు. హాల్లో కిటికీ పక్క గోడమీద బొగ్గుతో మనిషి బొమ్మ గీశాడు. జడ బాగా కుదిరింది. ఇన్ని నెలలూ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఆ బొమ్మ ముందు ఒక నిమిషం నిలబడి, ఇంటికి వస్తున్నాడు. "గేటు దాటుతున్నావుగా, వస్తువు దొరక్కుండానే" అన్నాను ఒకసారి. "ఎక్కడుందో తెలుసుగా. తెలియనిదానికే ఆగాలి" అన్నాడు.

చూడటానికి రాలేదని అన్నావు. ఆయన రాలేదు. వస్తే నిన్ను అక్కడ వదిలి తిరిగి రాలేనన్నాడు.

మూట కట్టు.

నీ వదిన


ఫినిషింగు హాలు, కిటికీ పక్క మిషను నుంచి,
డిసెంబరు

ఎదురు వరసలో కూర్చున్న వదినకి,

మిషను నడుస్తున్నప్పుడు మాట్లాడకూడదని రూలు పెట్టింది నువ్వే. అందుకని రాస్తున్నాను. తల ఎత్తకు, పిన్ని చూస్తోంది.

పొద్దున నా సూది తప్పింది. వచ్చాక ఇదే మొదటిసారి. మిషను ఆపి, పేలిక కట్టి, "ఇది నాది" అన్నాను. ఆ తలుపు దాకా నడిచాను. కాళ్ళకి ఇంకా గుర్తుంది వదినా. బొంత మేకుకి తగిలించాక కూడా కదలలేదు, అక్కడే పైకప్పు చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. వెనక నుంచి పిన్ని, "అడ్డం తప్పుకోవే, గాలి రావట్లేదు" అంది. అంతే. ఇంకెవరూ ఏమీ అనలేదు. వచ్చి కూర్చున్నాను.

తర్వాత నువ్వు బయటికి పరిగెత్తావు. అందరం పరిగెత్తాం. మన బొంతలతో మొదటి విమానం లేచింది కదా. రోడ్డుమీద అన్నయ్యా వాళ్ళూ నిలబడి ఉన్నారు, చెప్పుల ఆయన చేతిలో ఎవరిదో చెప్పు పట్టుకునే చూస్తున్నాడు, టీ కొట్టువాడు స్టవ్వు మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. అది మిల్లు పొగగొట్టం మీదుగా వెళ్ళింది. దాని పొట్ట వెండిలా మెరిసింది. మనం కుట్టింది ఎక్కడా కనబడలేదు. పిన్ని కళ్ళజోడు పైకి తోసుకుని, "ఆ కిటికీల కింద వరస నాదే" అంది. ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. నువ్వు ఏడ్చావు. నేను చూశాను, దాచకు.

ఇంకో మాట. అన్నయ్య గోడమీద నా బొమ్మకి ముక్కు మరీ పెద్దగా గీశాడు. ఇన్ని రోజులు ఊరుకున్నాను. ఇవాళ దానికీ ఎర్ర పేలిక అంటించాను. సాయంత్రం వచ్చాక ఆయన్నే చెప్పమను, అందరికీ వినబడేలా, ఇది నాది అని.

నీ మరదలు